బీ1 పాసయ్యాను, మెక్సికో వాళ్ళ వాట్సాప్ మాత్రం ఒక్క ముక్క అర్థం కావట్లేదు

బెజవాడ_కుర్రోడు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. స్పానిష్‌లో బీ1, అంటే మధ్యస్థాయి పరీక్ష, పాసయ్యాను. పాఠాలు, వార్తలు, ఆఫీసు మెయిళ్ళు పెద్దగా ఆగకుండానే చదివేస్తాను. ఈమధ్యే గచ్చిబౌలిలో లాటిన్ అమెరికా కస్టమర్లను చూసే టీములో చేరాను. టీము వాట్సాప్ గ్రూపులో కలిపారు. మెక్సికో వాళ్ళు, అర్జెంటీనా వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇన్నాళ్ళూ నేను నేర్చుకున్నది స్పానిషేనా అని అనుమానం వస్తోంది.

మెక్సికో సహోద్యోగి పంపింది ఒకటి పెడుతున్నా. ఈ వేదిక రూలు ప్రకారం తెలుగు లిపిలోనే రాయాలి కాబట్టి, అతను ఉత్త అక్షరాలు కొట్టిన చోట ఆ అక్షరాల పేర్లు రాశాను.

"ఎన్-టి-పి వేయ్, అవొరీత టి లో మాందో, తోయ్ ఎన్ హూంతా. టి-ఎం-బి టి పాసో ఎల్ ఎక్సెల్ ఎక్స్ కొర్రేయో. సాలే?"

ఆ చివరి "సాలే" ఏంటసలు? ఆడియోలో కూడా అదే అన్నాడు. మన హైదరాబాద్‌లో ఎవరినైనా అలా అంటే గొడవైపోతుంది.

ఇంకా కొన్ని ఉన్నాయి. "ఎక్స్-క్యూ", "సాలూ2", 100 అంకె పక్కన పి-ఆర్-ఇ, "వి-సి", "బి-ఎల్-జెడ్". ఒకాయన అయితే వరసగా కె-కె-కె-కె అని కొడుతుంటాడు. ఒకామె నన్ను "ఇంహే" అని పిలుస్తుంది. మేనేజరు మెయిల్లో ఆర్-ఆర్-హెచ్-హెచ్ అని రాశారు. ఎవరైనా పుణ్యం కట్టుకోండి.

ఎస్పన్యోల్_మాష్టారు (సికింద్రాబాద్)

బాబూ, మంచి నమూనానే పట్టుకొచ్చావు. ముందు ఇది విప్పుదాం, మిగతావి తర్వాత.

ఎన్-టి-పి అంటే "నో తే ప్రెఓకూపెస్". కంగారుపడకు అని. మూడు మాటల మొదటి అక్షరాలు, అంతే.

"వేయ్" అనేది మెక్సికోలో కుర్రాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాట. మూలంలో ఎద్దు అని అర్థం. ఒకప్పుడు మొద్దు అని తిట్టడానికి వాడింది ఇప్పుడు ప్రతి వాక్యంలోనూ దొర్లుతుంది.

తర్వాత ఒంటరిగా ఉన్న టి. దీన్ని నువ్వు ఇంగ్లీషు పేరుతో "టి" అని చదువుతున్నావు, అక్కడే చిక్కంతా. స్పానిష్‌లో ఆ అక్షరం పేరు "తే". "తే లో మాందో" అంటే నీకు అది పంపిస్తా. అక్షరం పేరే మాట అయిపోయింది. డి ఒక్కటే కొడితే "దే". బి-ఎస్-ఓ అని కొడితే మొదటి అక్షరం పేరు "బే" కాబట్టి "బేసో", ముద్దు. కె-ఎస్-ఎ అంటే "కాసా", ఇల్లు. స్పానిష్ అక్షరమాలని చిన్నపిల్లల్లా పైకి వల్లె వెయ్యి. ఈ పొట్టి రాతల్లో సగం విడిపోతాయి.

"తోయ్" అంటే "ఎస్తోయ్"కి తల తీసేశారు. "హూంతా" అంటే మెక్సికోలో మీటింగు. స్పెయిన్‌లో అయితే "రెయునియోన్" అంటారు. టి-ఎం-బి "తాంబియేన్", కూడా. ఎక్స్ అంటే "పోర్". రెండు మూళ్ళు ఆరు అనే ఎక్కాన్ని వాళ్ళు "దోస్ పోర్ త్రేస్" అంటారు. గుణకారం గుర్తుని "పోర్" అని చదువుతారు కాబట్టి మెసేజ్‌లోనూ అంతే. ఆ లెక్కన ఎక్స్-క్యూ "పోర్కే". ఎందుకు, ఎందుకంటే, రెండూ అదే. ఎక్స్-ఎఫ్-ఎ అయితే "పోర్ఫా", అంటే ప్లీజ్.

"సాలే?" అంటే సరేనా? మెక్సికో మాట. నువ్వూ "సాలే" అని బదులిస్తే సరే అని అర్థం. ఇంట్లోవాళ్ళు వినేలా ఆడియో పెట్టకు, అంతే.

మొత్తం కలిపి: "కంగారుపడకు రా, ఇప్పుడే పంపిస్తా, మీటింగులో ఉన్నా. ఎక్సెల్ కూడా మెయిల్లో పంపుతా. సరేనా?"

టెక్సాస్_గుంటూరోడు (హ్యూస్టన్)

మాష్టారూ, అంతా బాగుంది కానీ "అవొరీత"ని "ఇప్పుడే" అనేశారు చూడండి, అక్కడ ఒప్పుకోను 😀

నేను ఇక్కడ రెస్టారెంటు కిచెన్‌లో పనిచేస్తా. నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది మెక్సికో వాళ్ళే. "అవొరీత" అంటే ఇప్పుడు కావచ్చు, అరగంటకి కావచ్చు, సాయంత్రానికి కావచ్చు, అసలు కాకపోనూవచ్చు. మీటింగులో కూర్చుని "అవొరీత" పంపిస్తా అన్నాడంటే మీటింగు అయ్యాక అని లెక్కేసుకో తమ్ముడూ. నిజంగా ఈ క్షణమే కావాలంటే "అవోరా మీస్మో" అని అడుగు. లేదా "అవొరీత అవొరీతా?" అని రెండుసార్లు అను. నవ్వేసి అసలు టైం చెప్తారు.

మాడ్రిడ్_మల్లి (మాడ్రిడ్)

మన "వచ్చేస్తున్నా, దార్లో ఉన్నా" బాపతు అన్నమాట. ఇంట్లోంచి ఇంకా కదలకుండానే.

మాష్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఎక్స్ ప్రతిచోటా "పోర్" కాదు. మా యూనివర్సిటీ టైంటేబుల్లో వారాలకి ఎల్, ఎం, ఎక్స్, జె, వి అని ఉంటుంది. "మార్తెస్" (మంగళవారం), "మియేర్కొలెస్" (బుధవారం) రెండూ ఎంతోనే మొదలవుతాయి కదా, తికమక రాకుండా బుధవారానికి ఎక్స్ పెడతారు. స్పెయిన్ వాళ్ళు టైంటేబుల్ పంపితే అది చూసుకోండి. ఇక ఎక్స్ పక్కన డి ఉంటే అది మాటే కాదు, కళ్ళు మూసుకుని నోరు తెరిచి నవ్వే మొహం. పక్కకి తిప్పి చూడండి.

ఆర్-ఆర్-హెచ్-హెచ్ యాస కాదు, పద్ధతైన రాతే. "రెకూర్సోస్ ఉమానోస్", అంటే మీ హెచ్ఆర్ డిపార్ట్‌మెంటు. బహువచనం అయితే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. అమెరికాని ఇ-ఇ-యు-యు అని రాసేది కూడా అందుకే. "ఎస్తాదోస్ ఊనిదోస్" రెండు మాటలూ బహువచనాలే కదా.

బెజవాడ_కుర్రోడు

నేను ఆ ఆర్-ఆర్-హెచ్-హెచ్‌ని తిట్టు అనుకుని రాత్రంతా ఆలోచించా 😭 థాంక్యూ అక్కా. మరి "ఇంహే"?

టెక్సాస్_గుంటూరోడు

అది మర్యాద తమ్ముడూ. "ఇంహెనియేరో"ని కత్తిరించారు, ఇంజనీరు గారూ అని. మెక్సికోలో చదువుని బట్టి పిలుస్తారు. డిగ్రీ చేసినవాడు "లిసెన్సియాదో", దాన్ని పొట్టి చేస్తే "లిక్". పేరు తెలియకపోయినా "ఇంహే" అంటే పలుకుతారు.

మాకు కిచెన్‌లో పెద్దావిడ ఒకామె ఉంటుంది. నన్ను "మిహో" అంటుంది. "మీ ఇహో" రెండూ కలిసిపోయి అలా అయింది, నా కొడుకా అని. మన పెద్దవాళ్ళు ఊళ్ళో ఎవరి పిల్లాణ్ణయినా "ఏం నాయనా" అంటారే, అదే ఆప్యాయత.

ఓరుగల్లు_పోరి (వరంగల్)

నేను ఇంకా ఏ2లోనే ఉన్న, బీ1 కంటే కింది మెట్టు. నాదొక డౌట్. 100 పక్కన పి-ఆర్-ఇ ఏంది? లెక్కనా?

ఎస్పన్యోల్_మాష్టారు

లెక్కే తల్లీ, కానీ చెవికి. వందని "సియేన్" అంటారు. దాని పక్కన "ప్రే" పెట్టి పైకి చదువు. "సియేంప్రే", ఎల్లప్పుడూ. "సాలూ2"లో రెండు "దోస్", కాబట్టి "సాలూదోస్", నమస్కారాలు. ఎ పక్కన 2 ఉంటే "అదియోస్"కి దగ్గరగా వినపడుతుంది కదా, వెళ్ళొస్తానని.

ఇక్కడో చిన్న మెలిక. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో వందలోని మొదటి శబ్దాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి పలుకుతారు, "సియేంప్రే"లోది మామూలు స. అక్కడివాళ్ళ నోట ఈ రెండూ ఒకటి కావు. లాటిన్ అమెరికాలో రెండూ ఒకే స. అందుకే ఆ చమత్కారం అక్కడ అంత బాగా అతుకుతుంది.

మాడ్రిడ్_మల్లి

తప్పు స్పెల్లింగులు కూడా అంతే మాష్టారూ. నాకు మొదట్లో పొట్టి రాతల కంటే ఇవే ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. డిక్షనరీలో వెతికితే దొరకవు, కానీ పైకి చదివితే ఠక్కున తెలిసిపోతాయి. స్పానిష్‌లో హెచ్ పలకదు, బి-వి రెండిటికీ ఒకటే శబ్దం, రెండు ఎల్‌లు, వై చాలాచోట్ల ఒకటే. అందుకే "ఓలా"ని హెచ్ లేకుండా రాస్తారు. హెచ్ లేకపోతే నిజానికి అది సముద్రంలో అల. వెళ్తున్నా అనే "వోయ్"ని బి పెట్టి రాసేస్తే మనం ఇంగ్లీషు "బాయ్" అనుకుంటాం. "ఆ వేర్" అంటే చూద్దాం. దాన్ని "అవేర్" అనే క్రియతో కలిపి రాసేవాళ్ళు అక్కడివాళ్ళలోనే బోలెడుమంది. స్పానిష్ టీచర్లు మొత్తుకునే తప్పు ఇదే.

మనకి ఒక లాభం ఉంది. త, ద, ప, క స్పానిష్ వాళ్ళు ఎలా పలుకుతారో మనకి అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు ఉచ్చారణ మధ్యలోకి రాకుండా తెలుగులో చదివినట్టు చదివేస్తే చాలు. మా క్లాసులో అమెరికా అమ్మాయి "తూ" (నువ్వు) అనడానికి అవస్థ పడుతుంటే నాకు ఆ బాధే లేదు.

కడప_టు_బ్యూనస్ (బ్యూనస్ ఐరెస్)

ఆలస్యంగా వచ్చా. ఆ గ్రూపులో అర్జెంటీనా వాళ్ళు కూడా ఉన్నారన్నావు కదా, వాళ్ళది ఇంకో లోకం. "తూ" ఉండదు, "వోస్" అంటారు. "తియేనెస్" (నీకు ఉంది) బదులు "తెనేస్", "ఎరెస్" (నువ్వు ఫలానా) బదులు "సోస్", "వెన్" (రా) బదులు "వెనీ". మెసేజ్‌లో "సోస్" కనపడితే ఎవరో ఆపదలో ఉన్నారనుకోవద్దు, "నువ్వు ఫలానా" అంటున్నారంతే.

పనిని "లబూరో" అంటారు, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళ మాట. డబ్బు "గీతా". మా ఇంటి పక్కన గీత అనే అమ్మాయి ఉండేది, ఇక్కడికొచ్చాక ఆ పేరు వింటే నవ్వొస్తుంది. ఇంకా పాత అలవాటు ఒకటుంది, మాటలోని అక్షరాలు తిరగేయడం. "కఫే"ని "ఫేకా", "అమీగో"ని "గోమియా", "తాంగో"ని "గోతాన్" అంటారు. దీని పేరే "వెస్రే". "రెవేస్" అంటే తిరగబడింది అని కదా, దాన్నే తిరగేసి పేరు పెట్టుకున్నారు.

"రే" అని ముందు తగిలించారంటే "చాలా" అన్నమాట. "రే బియేన్", భలే బాగుంది. "చే" అంటే ఓయ్. "బొలూదో" అని నీ ఎదుటే ఒకరినొకరు అనుకుంటారు. స్నేహితుల మధ్య అది పిలుపు, రోడ్డు మీద కారు అడ్డమొచ్చినవాణ్ణి అంటే తిట్టు. దాన్ని నువ్వు మాత్రం అనకు.

టెక్సాస్_గుంటూరోడు

అదెందుకు? నన్నడిగితే అనాలి. నేను "వేయ్" అనడం మొదలుపెట్టాకే నన్ను వాళ్ళలో ఒకడిగా చూశారు. అంతకుముందు నేనొస్తే ఇంగ్లీషులోకి మారిపోయేవాళ్ళు. పుస్తకంలో స్పానిష్ మాట్లాడితే పంతులుగారు వచ్చినట్టు ఉంటుంది వాళ్ళకి.

ఎస్పన్యోల్_మాష్టారు

నీ సంగతి వేరు నాయనా. రోజూ వాళ్ళతో భుజం భుజం కలిపి పనిచేస్తున్నావు. ముందు వాళ్ళే నిన్ను "వేయ్" అన్నారు, తర్వాత నువ్వు అన్నావు. ఈ కుర్రవాడు వాళ్ళను తెరమీద తప్ప చూడలేదు. గ్రూపులో మేనేజరు కూడా ఉన్నాడు. కొత్తగా చేరినవాడు పొద్దున్నే గ్రూపులో "ఏరా మామా" అని పెడితే మన ఆఫీసులోనే ఎలా ఉంటుంది? నా మాట వింటే అర్థం చేసుకోవడానికి అన్నీ నేర్చుకో, వాడటానికి నాలుగైదు పెట్టుకో. "పోర్ఫా", "సాలే", "కే పాద్రే" లాంటివి మెక్సికో వాళ్ళలో ఎవరి దగ్గరైనా చెల్లుతాయి. "కే పాద్రే" అంటే ఎంత బాగుందో అని.

మాడ్రిడ్_మల్లి

నేను మాష్టారి వైపే, కానీ సగం. ఎవరు ముందు అన్నారనేదే నేనూ చూస్తా. ఇక్కడ స్పెయిన్‌లో "వేయ్" అంటే మెక్సికో సీరియల్ చూసి నేర్చుకున్నావా అని అడుగుతారు. ఇక్కడ "తీయో", "తీయా". అక్షరాలా మామయ్య, అత్తయ్య. మనవాళ్ళు ఫ్రెండుని "మామా" అంటారు కదా, నాకైతే వింత అనిపించలేదు. తోటి ఫ్రెంచి అమ్మాయి మాత్రం "ప్రతివాడూ వాడికి మామయ్యేనా" అని బిత్తరపోయింది.

కూరగాయల కొట్టులో పెద్దాయన "గ్వాపా" అంటాడు, బేకరీ ఆవిడ "కరీన్యో" అంటుంది. అందగత్తె, ప్రియా అని అర్థం వెతుక్కోకండి. వాళ్ళు అందరినీ అలాగే అంటారు.

స్పెయిన్‌లో మాటల్ని తోక కోసేయడం ఎక్కువ. "ఫిందే" వీకెండు, "పెలీ" సినిమా, "ఊనీ" యూనివర్సిటీ, "కూంప్లే" పుట్టినరోజు, "త్రాంకీ" అంటే కూల్‌గా ఉండు. "కేదామోస్ ఎల్ ఫిందే?" అని మెసేజ్ వస్తే, వీకెండులో కలుద్దామా అని. డిక్షనరీ చూస్తే ఆ క్రియకి మిగిలిపోవడం అని వస్తుంది, అక్కడే బోల్తా పడతాం.

ఓరుగల్లు_పోరి

ఇంత చదివినంక భయమైతుంది. ఏ2లోనే ఇవన్నీ నేర్చుకోవాల్నా అసలు?

ఎస్పన్యోల్_మాష్టారు

అక్కర్లేదమ్మా. పొట్టి రాతలు నేర్చుకో, ఒక పూట పని. యాస మాత్రం ఎవరితో మాట్లాడబోతున్నావో తేలాక వాళ్ళ దేశానిది నేర్చుకో. ఇరవై దేశాల యాసా కలిపి నేర్చుకుంటే ఎక్కడా అతకదు.

మాట అదే ఉండి అర్థం మారిపోతుంది చూడు. స్పెయిన్‌లో "కొహేర్ ఎల్ ఆవుతోబూస్" అంటే బస్సు పట్టుకోవడం, రోజూ అనే మాటే. మెక్సికో, అర్జెంటీనాల్లో ఆ క్రియ పచ్చి బూతు. అక్కడ "తోమార్" అనాలి. "గ్వాగ్వా" అంటే క్యూబాలో, కానరీ దీవుల్లో బస్సు, చిలీలో పసిబిడ్డ. బొగోతాలో "తీంతో" అడిగితే బ్లాక్ కాఫీ ఇస్తారు, మాడ్రిడ్‌లో అడిగితే రెడ్ వైన్ పోస్తారు. ఆ బొగోతా వైపే అన్నదమ్ములు కూడా "ఉస్తేద్" అనుకుంటారు. ఉస్తేద్ అంటే మనకి మీరు, తూ అంటే నువ్వు అని క్లాసులో చెప్పేస్తాం, అక్కడ పనికిరాదు.

అనుమానం వస్తే స్పానిష్ భాషా అకాడమీల సంఘం 2010లో తెచ్చిన అమెరికా ఖండపు మాటల నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ప్రతి అర్థం పక్కనా అది ఏ దేశంలో వాడతారో, బూతో కాదో గుర్తు పెట్టి ఉంటుంది. మెక్సికో మాటలకే అయితే ఎల్ కొలేహియో దె మేహికో వాళ్ళ నిఘంటువు ఉంది. నేను క్లాసుకి వెళ్ళే ముందు అవే తిరగేస్తా.

టెక్సాస్_గుంటూరోడు

"పించే" కూడా కలపండి మాష్టారూ. స్పెయిన్‌లో అది ఉద్యోగం పేరు, వంటింటి సహాయకుడు. ఉద్యోగ ప్రకటనల్లో కూడా రాస్తారట. మా కిచెన్‌లో మాత్రం అది ప్రతి తిట్టుకీ ముందు తగిలించే ముక్క. నన్ను స్పెయిన్ లెక్కన పిలిచారో మెక్సికో లెక్కన పిలిచారో గొంతుని బట్టి తెలుస్తుంది 😀

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇక్కడి మెక్సికో వాళ్ళ స్పానిష్‌లో ఇంగ్లీషు కలిసిపోయి ఉంటుంది. "త్రోకా" అంటే ట్రక్కు, "లోంచే" అంటే లంచి, "పార్కెయార్" అంటే పార్కు చేయడం. పని "చాంబా" లేదా "హాలే". కిచెన్‌లో మొదట నేర్చుకోవాల్సింది "ఆగ్వాస్!". నీళ్ళు కాదు, జాగ్రత్త అని. వెనకనుంచి ఎవరో మరిగే నూనె గిన్నె పట్టుకుని వస్తూ "ఆగ్వాస్" అని అరుస్తారు. అప్పుడు డిక్షనరీ తీసే టైం ఉండదు, పక్కకి జరగాలి. తినేటప్పుడు అటు వెళ్ళే ప్రతివాడూ "ప్రోవేచో" అంటాడు. నువ్వూ "గ్రాసియాస్" అను, ఊరుకుంటే బాగోదు.

ఎన్-ఎం-ఎం-ఎస్ అని వస్తే "నో మామెస్", ఛ ఊరుకోరా బాబూ అని. కాస్త మోటు. పెద్దవాళ్ళ ముందు దాన్నే "నో మాంచెస్" అంటారు. ఎన్-టి-సి అంటే "నో తే క్రేయాస్", ఊరికే అన్నాలే. ఎ-ఎల్-వి కనపడితే చదివి వదిలెయ్, దాని విస్తరణ ఇక్కడ రాస్తే నిర్వాహకులు నన్ను తీసేస్తారు.

నిర్వాహకుడు

తీసేస్తాం 🙂 చర్చ బాగా నడుస్తోంది. బూతుల విస్తరణలు వద్దు, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్తే చాలు.

బెజవాడ_కుర్రోడు

అందరికీ పెద్ద దండం. ఇంకొకటి అడగాలి, నవ్వొద్దు. టీములో ఒకమ్మాయికి రిపోర్టు పనిలో సాయం చేశా. చివర్లో "గ్రాసియాస్!! టి-క్యూ-ఎం" అని పెట్టింది. "తే కియేరో ముచో" అని వెతికితే తెలిసింది. దీని తర్వాత నేనేం రాయాలి?

కడప_టు_బ్యూనస్

"దే నాదా" అని రాసి పని చూసుకో 😂

మాడ్రిడ్_మల్లి

ఆశ పెట్టుకోకు తమ్ముడూ. "తే కియేరో" అమ్మకి, చెల్లికి, ఫ్రెండ్స్‌కి అందరికీ అంటారు. నువ్వంటే అభిమానం అనే వరకే. ప్రేమికుల మధ్య కూడా అంటారు, కానీ అప్పుడు ఇలా మూడక్షరాల్లో రిపోర్టు కింద పెట్టరు. "తే ఆమో" అని రాస్తే అప్పుడు వచ్చి ఇక్కడ కొత్త చర్చ మొదలుపెట్టు. మెసేజ్ చివర బి-ఎస్-ఎస్ అంటే "బేసోస్", ముద్దులు. "ఉన్ అబ్రాసో" అంటే ఒక కౌగిలి. ఇక్కడ పరిచయస్తులకి మెయిల్ చివర కూడా పెట్టేస్తారు. మగవాళ్ళు మగవాళ్ళకి "అబ్రాసో" పంపుకోవడం మామూలే. నువ్వూ పెట్టొచ్చు, గ్రూపులో నలుగురూ పెడుతుంటే.

బెజవాడ_కుర్రోడు

సరే అక్కా, "దే నాదా, ఉన్ అబ్రాసో" పెట్టేశా. నవ్వు బొమ్మ వచ్చింది. "హహా" అని కూడా రాసింది, జె-ఎ-జె-ఎ అని.

అసలు ఇన్ని తంటాలు ఎందుకు? ఇప్పుడు ఫోన్‌లో ఎంత పెద్ద మెసేజ్ అయినా పంపొచ్చు కదా, ఇంకా ఎందుకు కత్తిరిస్తున్నారు? పైన పెట్టే గీతలు కూడా ఎవరూ పెట్టరు.

కడప_టు_బ్యూనస్

టెలికాంలో పనిచేస్తా కాబట్టి ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. పాత ఎస్సెమ్మెస్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు. అయితే ఆ 160 ఒక ప్రత్యేక పట్టికలో ఉన్న అక్షరాలకే. ఆ పట్టికలో ఎన్ మీద వంకర గీత ఉన్న "ఎన్యే" ఉంది, తలకిందుల ప్రశ్న గుర్తు ఉంది, గీత ఉన్న "ఎ" శబ్దపు అక్షరం ఉంది. కానీ స్పానిష్ వాళ్ళు గీత పెట్టే మిగతా నాలుగు అచ్చులూ లేవు. వాటిలో ఒక్కటి కొట్టినా మెసేజ్ మొత్తం ఇంకో పద్ధతిలోకి మారి 70 అక్షరాలకి పడిపోయేది. గీత పెడితే 70 దాటిన మెసేజ్ ముక్కలై ప్రతి ముక్కకీ డబ్బు పడేది. తెలుగు లిపిలో ఎస్సెమ్మెస్ పంపితే 70 అక్షరాలే వచ్చేది కూడా ఇందుకే. మనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడానికి ఇదీ ఒక కారణం. డబ్బు సమస్య పోయింది, వేళ్ళ అలవాటు ఉండిపోయింది.

ఇప్పటి పిల్లలు కె పెట్టి మరీ కత్తిరించడం తగ్గించారు, అలా రాస్తే పాతకాలం వాడిలా ఉంటుందని. "కే"కి క్యూ ఒక్కటే, "తాంబియేన్"కి టి-బి, "బియేన్"కి బి-ఎన్ మాత్రం పోలేదు.

గీతల విషయంలో ఒక్కటి మాత్రం వదలకు. వయసు చెప్పేటప్పుడు "ఆన్యోస్"లో ఆ ఎన్యే మీద వంకర గీత పెట్టు. అది లేకపోతే సంవత్సరాలు కాస్తా శరీరంలో చెప్పుకోకూడని భాగం అవుతుంది. వాళ్ళు అర్థం చేసుకుంటారు, కానీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు.

ఎస్పన్యోల్_మాష్టారు

ఇది నాకూ కొత్త సంగతే, బాగా చెప్పావు.

స్పెయిన్ యాసలో ఇంకో తీగ ఉంది, మల్లి రోజూ వింటూ ఉంటుంది. "చవాల్" అంటే కుర్రాడు, "కుర్రార్" అంటే పనిచేయడం, "మోలార్" అంటే నచ్చడం. ఈ మూడూ "కలో" నుంచి వచ్చాయి. కలో స్పెయిన్ జిప్సీల, అంటే హితానోల మాట. వాళ్ళ రోమానీ భాష మన ఉత్తర భారతపు భాషల కుటుంబానిదే. వాళ్ళు ఆ దేశంలో అడుగుపెట్టిన తొలి ఆధారం 1425 నాటిది, ఆరగాన్ రాజు ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రం. తరతరాలుగా తరిమి తరిమి కొట్టిన జనం మాటలు ఇప్పుడు మాడ్రిడ్ కాలేజీ పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి.

మాడ్రిడ్_మల్లి

"మె మోలా" రోజుకి వందసార్లు వింటా. మన వైపు మూలం ఉందని ఎవరూ చెప్పలేదు! రేపు క్లాసులో చెప్తా.

ఓరుగల్లు_పోరి

అందరు మర్చిపోయిన్రు. వి-సి, బి-ఎల్-జెడ్, వరసగా కె-లు కొట్టేటాయన సంగతేంది?

కడప_టు_బ్యూనస్

భలే పట్టావు. అది స్పానిషే కాదు. ఆయన బ్రెజిల్ ఆయన అయ్యుంటాడు, అది పోర్చుగీసు. వి-సి అంటే "వొసే", నువ్వు. బి-ఎల్-జెడ్ అంటే "బెలేజా", అక్షరాలా అందం, వాడుకలో "ఓకే". కె-కె-కె-కె వాళ్ళ నవ్వు. స్పానిష్ వాళ్ళు జె-ఎ-జె-ఎ అని నవ్వితే వాళ్ళు అలా నవ్వుతారు. ఆర్-ఎస్ అని పెట్టినా నవ్వే, "రీజోస్". టి-బి, పి-క్యూ లాంటివి రెండు భాషల్లోనూ ఒకటే ఉండేసరికి మోసపోతాం. లాటిన్ అమెరికా టీము అంటే బ్రెజిల్ కూడా ఉంటుంది కదా.

బెజవాడ_కుర్రోడు

చూశా, ఆయన నంబరు ముందు 55 ఉంది. బ్రెజిలే! ఇన్ని రోజులు ఆయన మెసేజ్‌లు స్పానిష్ డిక్షనరీలో వెతికా.

ఇంక ఒక్కటే మిగిలింది, ఆడియోలు. మెసేజ్ అయితే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. చిలీ ఆవిడ ఒకామె మూడు నిమిషాల ఆడియో పెడుతుంది, ప్రతి వాక్యం చివరా "పో", "కచాయ్" అంటుంది.

ఎస్పన్యోల్_మాష్టారు

"పో" అంటే "ప్వేస్", మన "కదా", "మరి" లాంటి ఊతపదం. వదిలెయ్. "కచాయ్?" అంటే అర్థమైందా? "ఆల్ తీరో" అంటే వెంటనే. మెక్సికో "అవొరీత" లాగ సాగదీసేది కాదు, నిజంగానే వెంటనే. చిలీ వాళ్ళు మాట చివరి స మింగేస్తారు. బహువచనం వినపడలేదని కంగారుపడకు, ముందున్న "లోస్", "లాస్" కూడా సగమే వినపడతాయి. స్పెయిన్ దక్షిణాన కూడా ఇంతే. "కన్సాదో" అనాల్సింది "కన్సావో" అంటారు, "పారా" ఎక్కడైనా "పా" అయిపోతుంది.

టెక్సాస్_గుంటూరోడు

వాట్సాప్‌లో ఆడియోని అక్షరాల్లోకి మార్చే సదుపాయం స్పానిష్‌కి ఉంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకో. యాస దగ్గర తప్పులు రాస్తుంది కానీ ఎక్కడ ఏం మాట్లాడుతోందో దారి దొరుకుతుంది. అప్పటికీ తెలియకపోతే "కోమో?" అని అడిగేయ్. మెక్సికో వాళ్ళని అయితే "మాందే?" అను, ఎంత మర్యాద అనుకుంటారో.

మాడ్రిడ్_మల్లి

"మాందే" స్పెయిన్‌లో అనొద్దు. చిత్తం దొరా అన్నట్టు ఉంటుంది ఇక్కడివాళ్ళ చెవికి. "కోమో?" చాలు.

నిర్వాహకుడు

పోర్చుగీసు ప్రశ్నలకి కొత్త చర్చ తెరిచాను, కె-లు నవ్వే ఆయన సంగతులు అక్కడ పెట్టండి. స్పానిష్ మెసేజ్‌లు ఇక్కడే కొనసాగించండి. పంపినవాళ్ళ పేర్లు, నంబర్లు మాత్రం తీసేసి పెట్టండి.

బెజవాడ_కుర్రోడు

చిలీ ఆవిడ ఆడియో అక్షరాల్లోకి మార్చి చూశా. మూడు నిమిషాల్లో పని విషయం ఒక్కటే వాక్యం, శుక్రవారం లోపు రిపోర్టు పంపమని. మిగతాదంతా వాళ్ళ కుక్క గురించి.